గిటారు పలికే చిన్న మాటలు

గిటారు చేతబట్టిన యౌవనస్థులు మన సంఘాలలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నాలుగు కార్డ్‌లు నేర్చుకొని, పాట పొడుగునా చేయి పైకీ కిందికీ ఆడిస్తారు. అంతటితో ఆగిపోతారు. కొందరైతే పెద్ద వాద్యకారుల వేగం చూచి, ఇది మన వల్ల కాదని గిటారును గోడకు తగిలిస్తారు. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉన్నది. దానిని వాయించేవారు ‘లిక్’ అంటారు. నాలుగైదు స్వరాల చిన్న పలుకు అది. పాడేవారు ఒక పంక్తి ముగించి ఊపిరి తీసికొనే వేళ గిటారు చెప్పే మాట.

అమెరికా పల్లె సంగీతంలో ఇది బాగా పెరిగింది. 1927లో బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ కుటుంబం మొదటిసారి పాటలు రికార్డు చేసినప్పుడు, గిటారు పట్టిన మేబెల్ కార్టర్‌కు 18 ఏళ్లు. ఆమె బొటనవేలితో లావు తీగలపై పాట వరుసను పలికిస్తూనే, చూపుడు వేలితో సన్న తీగలను మీటి తాళం నిలబెట్టేవారు. 1945లో బిల్ మన్రో బృందంలో చేరిన లెస్టర్ ఫ్లాట్ పంక్తి చివర వేసే ఒక పలుకును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ‘జి రన్’ అనేది అదే.

దాని సాదా రూపం ఇది. అన్నిటికంటె లావుగా ఉండేది ఆరవ తీగ. దాని 3వ మెట్టు నొక్కి మీటండి. తరువాత ఐదవ తీగ ఉత్తగా, దానిపైనే 2వ మెట్టు. నాలుగవ తీగ ఉత్తగా, దానిపైనే 2వ మెట్టు. చివరకు మూడవ తీగ ఉత్తగా. అంతే, ఆరు స్వరాలు. చెవికి ఎక్కడో విన్నట్టుంటుంది. ఎందుకంటే ఇవి స రి గ ప ద స, మన మోహన రాగపు ఆరోహణమే! ఎరుగని దేశపు పలుకులో మనకు తెలిసిన రాగం వినబడటం నాకెంతో సంతోషం.

సెకన్ల ముల్లు చప్పుడు చేసే గడియారం ఎదుట కూర్చోండి. ఒక చప్పుడుకు ఒక స్వరం. ఏ స్వరమూ గరగర లాడకుండా పదిసార్లు వచ్చాకనే చప్పుడుకు రెండు స్వరాలు వేయండి. అప్పుడు పలుకంతా మూడు సెకన్లలో ముగుస్తుంది. ఇనుప తీగలు మొదట్లో వేలికొనలను నొప్పిస్తాయి. రోజుకు పావుగంట చాలు. ఆదివారానికి ముందు రాత్రి మూడు గంటలు కూర్చొంటే వేళ్లు వాస్తాయే గాని చేయి తిరగదు. నా వేళ్లు ఇందుకు పనికిరావు అనేవారికి ఒక మాట: అంధుడైన పాస్టర్ గ్యారీ డేవిస్ (1896-1972) కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, ఈ రెంటితోనే వాయించి ఎందరికో గురువయ్యారు.

ఇక ఎక్కడ వేయాలి? ఇదే అసలు సంగతి. మన సంఘాలలో చదువురాని అవ్వలున్నారు. పాటల పుస్తకం వారికి అక్కరకు రాదు. పక్కవారి గొంతు విని మాట అందుకొంటారు. పాట నడుస్తుండగా మన పలుకు అడ్డువస్తే వారు మాట జారవిడిచి మౌనంగా నిలబడిపోతారు. కాబట్టి పంక్తి నడిచేంతసేపు కార్డ్ మాత్రమే, అదీ మెల్లగా. పంక్తి ముగిశాక పలుకు. అదైనా ప్రతి పంక్తికీ వద్దు. చరణానికి ఒక్కటి వేసినా నిండుగా ఉంటుంది. తరువాతి పంక్తి ఎత్తుకొనేలోపు పలుకు పూర్తికాదనిపిస్తే సగంలోనే మానండి, ఎవరికీ తెలియదు.

ఇదే పలుకును సి కార్డ్‌కు మార్చడం తేలికే. అన్నిటినీ ఒక తీగ కిందికి జరపండి: ఐదవ తీగ 3వ మెట్టు, నాలుగవది ఉత్తగా, 2వ మెట్టు, మూడవది ఉత్తగా, 2వ మెట్టు. చివరిది మాత్రం రెండవ తీగ 1వ మెట్టు. ఆ తీగను మిగతావాటికన్న ఒక మెట్టు తగ్గించి శ్రుతి చేస్తారు గనుక, అక్కడ ఉత్త తీగ మీటితే అపశ్రుతి పలుకుతుంది.