ప్రోస్టేట్ ఆపరేషన్‌కు ముందే కొలుచుకోవలసింది

మొన్న సంక్రాంతి సంబరాల్లో మా బాబాయి హాలు చివరి వరుసలో, బాత్రూము తలుపు పక్కనే కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. భోజనాలకు పిలిస్తే ఊపిరి బిగబట్టి, కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచాడు. రోబోతో ప్రోస్టేట్ తీయించుకుని అప్పటికి నాలుగు నెలలు. క్యాన్సర్ జాడ చెప్పే పీఎస్ఏ దాదాపు సున్నా, ఇంటిల్లిపాదీ సంతోషించాం. దగ్గినా తుమ్మినా మనవణ్ణి ఎత్తుకున్నా మూత్రం కారిపోతోందన్న సంగతి మాత్రం పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. "ఇన్నాళ్లుంటుందని ముందే చెప్తే మనసు గట్టి చేసుకునేవాణ్ణిరా" అన్నాడు, తిరిగొస్తుంటే కారులో.

ముందే చెప్పగలరా? కొంతవరకు చెప్పగలరు.

మూత్రాశయం కింద ప్రోస్టేట్, దాని మధ్యగా మూత్రనాళం. మూత్రాన్ని ఆపడానికి ఇద్దరు కాపలాదారులు. మూత్రాశయం మెడ దగ్గరున్నది మన ప్రమేయం లేకుండా తన పని తాను చేస్తుంది. ప్రోస్టేట్‌కు దిగువన ఉన్న కండర వలయాన్ని మాత్రం మనమే బిగించగలం. ప్రోస్టేట్ తీసేస్తే పైకాపలా చాలావరకు పోతుంది, భారమంతా కిందివాడి మీద పడుతుంది. అందుకే ప్రోస్టేట్ కొస నుంచి కిందికి మిగిలే నాళం ఎంత పొడవుందన్నది అంత ముఖ్యం. ఎంఆర్ఐలో పక్కనుంచి తీసిన బొమ్మ మీద గీత పెట్టి కొలుస్తారు. మామూలుగా ఒకటిన్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మనిషికీ మనిషికీ కొన్ని మిల్లీమీటర్లే తేడా. నాళం పొడవుగా ఉన్నవాళ్లకు మూత్రం మీద పట్టు త్వరగా తిరిగొస్తుందని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. స్కాను ఎలాగూ తీస్తారు, కానీ చాలా రిపోర్టుల్లో ఈ కొలత ఉండదు. బాబాయి రిపోర్టులోనూ లేదు. అడగాలని మాకూ తెలియలేదు.

వయసు, ఒంటి బరువు, ముందునుంచీ ఉన్న మూత్రం ఇబ్బందులు, అంతకుముందు ఆ చోట జరిగిన ఆపరేషన్లు, రేడియేషన్, నరాలను ఎంతవరకు కాపాడగలిగారన్నది, సర్జన్ చెయ్యి తిరిగిన తీరు, ఇవీ లెక్కలోకి వస్తాయి. రోబో ఉన్నంత మాత్రాన భయం లేదనుకోకూడదు. అమెరికాలో రోబో ఆపరేషన్‌ను నిలబెట్టినవారిలో ముందువరుసలో నిలిచింది అప్పట్లో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ఉన్న డాక్టర్ మణి మీనన్ బృందం. అక్కడి యూరాలజీ విభాగానికి మన తెలుగు దాత రాజ్ వట్టికూటి ఇంటిపేరే ఉంది, అది మనకు గర్వమే. అయినా బ్రిస్బేన్‌లో రోబో ఆపరేషన్‌నూ పొట్ట కోసి చేసేదాన్నీ పోల్చి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, 12 వారాల నాటికి మూత్రం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

"ఏడాదికి నూటికి ఇంతమందికి బాగయింది" అని ఎవరైనా అంటే, బాగవడమంటే ఏమిటని అడగండి. ఒకరి లెక్కలో అసలు ప్యాడే లేకపోవడం. మరొకరి లెక్కలో, జాగ్రత్తకు రోజుకొక ప్యాడ్ పెట్టుకున్నా బాగయినట్టే. నికరమైన లెక్క తూకంలో ఉంది. ఇరవైనాలుగు గంటల్లో వాడిన ప్యాడ్లన్నీ తూచి, పొడి ప్యాడ్ల బరువు తీసేస్తారు. మిగిలిన ఒక్కో గ్రాము దాదాపు ఒక్కో మిల్లీలీటరు. పిన్ని వంటింటి కాటాని ఇందుకోసం విడిగా తీసి పెట్టింది. మొదటి వారం రాసుకున్న అంకెనూ, నాలుగో నెల అంకెనూ పక్కపక్కన చూశాకే బాబాయికి ధైర్యం వచ్చింది.

ఏ అంచనా అయినా వందమంది గురించి చెప్పేదే. మీ ఒక్కరికి ఏమవుతుందో అది ఖాయంగా చెప్పలేదు. అయినా పట్టు ఆలస్యం కావచ్చని ముందే తెలిస్తే కింది కండరాన్ని బిగించే వ్యాయామం ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టవచ్చు, ఇండియా ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు. చాలామందికి ఏడాదిలోపు కుదుటపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే నాళానికి ఆసరాగా పట్టీ వేసే పద్ధతి ఉంది, కృత్రిమ కవాటం ఉంది. సిగ్గుపడి దాచుకున్నవాళ్లకు ఇవేవీ అందవు.

పోయిన వారం గుంటూరులో పెదనాన్నకూ ప్రోస్టేట్ తీయాలన్నారు. ఫోన్ చేసి ఆ కొలత అడిగించాను. "పదమూడు మిల్లీమీటర్లంటరా, మంచిదేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బాబాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "అన్నయ్యా, గాలి బయటికి పోకుండా ఆపుకుంటావు చూడు, అలా లోపలికి బిగించు. పొట్ట బిగించకు. పది లెక్కపెట్టి వదిలెయ్" అంటూ, మేమందరం వింటుండగానే గొంతెత్తి చెప్పసాగాడు.