పోస్టు పెట్టె మీద పేరు

జర్మనీ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు రాసే అలవాటు చాలావరకు లేదు. వీధి పేరు, భవనం నంబరు, మనిషి పేరు. చిరునామా అంటే అంతే. కింద గుమ్మం దగ్గర వరసగా ఉండే పోస్టు పెట్టెల్లో ఏ ఒక్కదాని మీదా ఆ పేరు కనిపించకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ నంబరు, ఆరోగ్య బీమా కార్డు, పన్ను నంబరు ఇప్పటికీ ఎక్కువగా కవర్లలోనే వస్తాయి. ఓటీపీ కొట్టి పని ముగించుకోవడం అలవాటై, అక్కడికి చదువుకు వెళ్లే హైదరాబాద్, విజయవాడ పిల్లలకు ఈ కాగితాల రాజ్యాన్ని చూస్తే మొదటి వారం నవ్వొస్తుంది. రెండో వారానికి నవ్వు ఆగిపోతుంది. అందుకే వెళ్లిన రోజునే చేయాల్సిన పని ఒకటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో దాన్నే చీటీ మీద రాసి పెట్టెకు అంటించాలి. ఇంట్లో పిలిచే పేరు అక్కడ పనికిరాదు.

2022-23 చలికాలం సెమిస్టర్‌లో జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనా వాళ్లను దాటి మొదటి స్థానానికి వచ్చారు. అప్పటి లెక్క దాదాపు 43 వేలు. ఇంతమందిని లాగుతున్నది ఫీజు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోలు కడితే చాలు. అయితే కన్సల్టెన్సీల బోర్డుల మీద కనిపించే ‘ఫ్రీ’ అన్న మాటకు మినహాయింపులున్నాయి. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ నగరాలున్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024లో కొత్తగా చేరేవాళ్లతో మొదలుపెట్టి వసూళ్ల బాట పట్టింది.

ఇక బ్లాక్డ్ అకౌంట్ సంగతి. వీసా కోసం ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు అందులో వేసి ముందే చూపించాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు. మన లెక్కలో సుమారు పన్నెండు లక్షల రూపాయలు. డబ్బు విద్యార్థిదే అయినా ఒక్కసారిగా చేతికి రాదు. నెలకు 992 యూరోల చొప్పున వదులుతారు. దాన్ని అందుకోవడానికి మామూలు బ్యాంకు ఖాతా కావాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఖాతా తెరవబోతే చాలా బ్యాంకులు ‘అన్‌మెల్డుంగ్’ కాగితం అడుగుతాయి. ఫలానా చిరునామాలో ఉంటున్నానని ఊరి కార్యాలయంలో నమోదు చేసుకున్నట్టు రుజువు అది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నమోదు చేసుకోవాలని చట్టం. ఆ నమోదుకు ఇంటి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. 2015 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. నమోదైతేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది లేకపోతే పార్ట్‌టైమ్ ఉద్యోగంలో జీతం లెక్క తేలదు, పన్ను ఎక్కువ కోసేస్తారు. పైగా నమోదు కార్యాలయానికి వెళ్లాలంటే ముందుగా ‘టెర్మిన్’, అంటే అపాయింట్‌మెంట్, దొరకాలి. బెర్లిన్ లాంటి చోట్ల అదే పెద్ద వేట. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో “టెర్మిన్ దొరికిందా?” అన్న ప్రశ్న “తిన్నావా?” కన్నా ఎక్కువసార్లు వినపడుతుంది.

మొత్తం మీద కథంతా ఇంటి దగ్గరే ముడిపడి ఉంది. ర్యాంకులు చూసి యూనివర్సిటీని ఎంచుకునేవాళ్లు ఆ ఊళ్లో అద్దె ఇల్లు దొరుకుతుందా అన్నది చివర్న చూస్తారు. అది ముందే చూసుకోవాల్సిన సంగతి. మ్యూనిక్‌లో ఒక్క గదికి పోయే అద్దెతో తూర్పున మాగ్డెబుర్గ్‌లోనో కెమ్నిట్స్‌లోనో అద్దె కట్టి, తిండీ తినొచ్చు. స్టూడెంట్ హాస్టళ్లు చవకే, కానీ వెయిటింగ్ లిస్టులు పొడవు. సీటు ఖాయమయ్యే దాకా ఆగకుండా, కుదిరిన చోటల్లా ముందే దరఖాస్తు పెట్టేసేవాళ్లే తెలివైనవాళ్లు. మిగిలినవాళ్లకు నలుగురైదుగురు కలిసి ఉండే షేరింగ్ ఫ్లాట్లే గతి. వాటికి ఇంటర్వ్యూలు ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేది ఓనరు కాదు, అప్పటికే అందులో ఉంటున్నవాళ్లు.

ఈ తొందరే మోసగాళ్లకు పెట్టుబడి. “నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియర్ చేస్తాను” అని ఎవరైనా మెయిల్ పెడితే అక్కడితో ఆగిపోవాలి. ఇల్లు చూడకుండా డబ్బు పంపకూడదు. చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. ఆ అద్దె కూడా హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని ‘చల్లద్దె’. ప్రకటనలో కనిపించే అంకె చల్లద్దెదా, ఖర్చులన్నీ కలిపిన ‘వేడద్దె’దా అన్నది అడిగి తెలుసుకోకపోతే నెలకు వంద యూరోలకు పైనే తేడా వస్తుంది. కొన్ని ఫ్లాట్లు వంటగది సామానేమీ లేకుండా, గోడలు మాత్రమే మిగిల్చి ఇస్తారు.

ఇల్లు దొరికాక మరో తంతు. చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. విడ్డూరంగా అనిపిస్తుంది కానీ, బిగుతుగా కట్టిన ఇళ్లలో అన్నం ఆవిరి, స్నానాల తడి బయటకు పోకపోతే గోడలకు బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చును అడ్వాన్సులోంచి కోసుకునే ఓనర్లున్నారు. రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు. ఆదివారం సూపర్ మార్కెట్లకు తాళాలు పడతాయి. ఆదివారపు విశ్రాంతిని కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న వాక్యం నేటి రాజ్యాంగంలోనూ అలాగే అమల్లో ఉంది. శనివారం సాయంత్రం పాలూ పెరుగూ తెచ్చుకోవడం మర్చిపోయినవాళ్లకు పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు. ఇంటికొకటి చొప్పున నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము బిల్లు కూడా వస్తుంది. టీవీ లేదన్నా వదలరు. నలుగురున్న ఫ్లాటుకు ఒక్కటే కట్టాలి కాబట్టి పంచుకోవచ్చు.

చదువు దగ్గర మన పిల్లలు దెబ్బతినే చోటు వేరు. హాజరు అడిగేవాళ్లు చాలా కోర్సుల్లో ఉండరు. ప్రతి పరీక్షకూ గడువులోగా విద్యార్థే స్వయంగా పేరు నమోదు చేసుకోవాలి, మర్చిపోతే రాసే అవకాశం పోయినట్టే. మార్కుల్లో 1.0 అన్నిటికన్నా మేలు, 4.0 పాస్, 5.0 ఫెయిల్. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఇస్తారు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ తప్పితే ఆ కోర్సు అక్కడితో సరి. బ్యాక్‌లాగ్స్ తర్వాత చూసుకుందాంలే అన్న ఇంజినీరింగ్ కాలేజీ ధీమా అక్కడ చాలా ఖరీదు. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. గోదాముల్లో, డెలివరీల్లో సంపాదన బాగుందని పరీక్షల ముందు కూడా షిఫ్టులు వదలనివాళ్లకే మూడో అవకాశం దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ.

మాస్టర్స్ ఇంగ్లిష్‌లో ఉందని భాషను పక్కన పెట్టడం ఇంకో తప్పుడు పొదుపు. క్లాసు ఇంగ్లిష్‌లో సాగినా బీమా ఉత్తరం, అద్దె ఒప్పందం, ఆఫీసు నోటీసు జర్మన్‌లోనే వస్తాయి. హైదరాబాద్‌లోని గోథే జెంట్రుమ్‌లో వెళ్లేముందే మొదటి రెండు స్థాయిలు పూర్తిచేసినవాళ్లకు కౌంటర్ దగ్గర మాట పెగులుతుంది.

వీసా మీద దిగినవాళ్లంతా దాని గడువు ముగిసేలోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. కార్డు రావడానికి కొన్ని ఊళ్లలో నెలలు పడుతుంది. ఈలోగా చేతికి ఇచ్చే తాత్కాలిక పత్రంతో సంక్రాంతికో అక్క పెళ్లికో ఇంటికి రావాలనుకుంటే, టికెట్ కొనకముందే ఆ పత్రం లోపల ఏ గడిలో టిక్ పెట్టారో చూసుకోవాలి. నివాస చట్టం 81వ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం కింద ఇచ్చిన పత్రంతో తిరిగి జర్మనీలో అడుగుపెట్టవచ్చు. మూడో ఉపవిభాగం కింద ఇచ్చిన దానితో కుదరదు. వీసాతో వచ్చి సకాలంలో దరఖాస్తు పెట్టుకున్న విద్యార్థికి మామూలుగా దక్కేది నాలుగోదే.