తోలు శుద్ధిలో ఉప్పు తగ్గితే కరెంటు ఎందుకు తగ్గుతుంది?

ఈరోజు మన కాలికున్న చెప్పు గురించి, అంటే అది చెప్పు అవ్వకముందు తోలుకి జరిగే పని గురించి మాట్లాడుకుందాం.

మన తెనాలి దగ్గర యలవర్రులో 1922లో ఒక రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు, తోలు పని చేసేవాళ్లని ఊరి బయట ఉంచిన రోజుల్లో ఆ సబ్జెక్టే చదివి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యారు. 1985 కనిష్క విమాన పేలుడులో చనిపోయారు.

ఒకప్పుడు ఊళ్లలో తోలుని లందల్లో తంగేడు చెక్క నీళ్లలో వారాల తరబడి నానబెట్టేవాళ్లు. ఇప్పుడు ఎక్కువ చోట్ల క్రోమియం. చాలా ఫాస్ట్. కానీ చిక్కంతా ఉప్పుతో. పచ్చితోలు కుళ్లకుండా దాని బరువులో దాదాపు 40 శాతం ఉప్పు పట్టిస్తారు. కడిగితే అదంతా నీళ్లలోకే. తర్వాత క్రోమియం లోపలికి దిగడానికి యాసిడ్‌లో వెయ్యాలి. ఉత్త యాసిడ్‌లో వేస్తే తోలు ఉబ్బిపోతుంది, అందుకని మళ్లీ ఉప్పు! ఇంతా చేస్తే క్రోమియంలో మూడో వంతు దాకా తోలుకి పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోతుంది.

వేలూరు వైపు పాలారు ఒడ్డున బావులు ఇలాగే పాడయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. ఆ తర్వాత అక్కడ మురుగునీటిని ఆర్‌ఓలో వడకట్టి, మిగిలిన ఉప్పునీటిని ఆవిరి చేసే పద్ధతి వచ్చింది. కరెంటు, వంటచెరకు ఖర్చు అక్కడే. మరిగే నీరు ఒక్క లీటరు ఆవిరవ్వాలంటే 0.6 యూనిట్లకి పైగా వేడి కావాలి. ఆవిరిని మళ్లీ మళ్లీ వాడుకున్నా బిల్లు చిన్నదేం కాదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో, బగ్‌ని కోడ్‌లో ఆపకుండా ప్రొడక్షన్‌లో తుడుస్తూ కూర్చోవడం అన్నమాట.

అదే సంస్థ ఇప్పుడు నీళ్లు పొయ్యకుండా క్రోమియం పట్టించే పద్ధతి తెచ్చింది. యాసిడ్-ఉప్పు మెట్టే ఉండదు. క్రోమియం కూడా తక్కువ పడుతుంది.

"మళ్లీ తంగేడుకే వెళ్లిపోదాం" అంటారేమో. అంత ఈజీ కాదండి. ఆ ముదురు రంగు నీళ్లని శుద్ధి చెయ్యడమూ కష్టమే.

మొదటి ఉప్పు సంగతేంటి మరి? గుంటూరు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టినట్టు తోలునీ చల్లగా ఉంచొచ్చు, కానీ దానికీ కరెంటు కావాలి. నన్నడిగితే కబేళా పక్కనే యూనిట్ పెట్టి, కొన్ని గంటల్లోనే పని మొదలుపెట్టడం మేలు. అప్పుడు ఉప్పూ అక్కర్లేదు, ఫ్రిజ్జూ అక్కర్లేదు.