కొత్త సాఫ్ట్‌వేరు పాతదానికంటె నమ్మదగినదా?

హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనము పరిసరములకు పోయినవారికి సాఫ్ట్‌వేరు నేర్పు శిక్షణాలయముల బోర్డులు వరుసలుగా కనుపించును. చెంతనున్న యూసుఫ్‌గూడ హాస్టళ్ళలో బస చేసి, అచ్చట పాఠములు వినుచున్న యువతీయువకులు అనేకులు. వారు నేర్చు విద్యలలో టెస్టింగు, అనగా సాఫ్ట్‌వేరును పరీక్షించుట, ఒకటి. అది వారికి జీవనోపాధి. కాని చేత ఫోను గల ప్రతి గృహస్థుడును నేడు కొంత పరీక్షకుడు కావలసియున్నది. కొత్త వెర్షను వచ్చినదని ఫోను చెప్పును. అది పాతదానికంటె స్థిరముగా పనిచేయునా? దీనిని నిర్ణయించుట ఎట్లు?

ఒక గ్రంథమునకు రెండవ ముద్రణము వచ్చినదనుకొందము. అందు పాత అచ్చుతప్పులు దిద్దబడియుండవచ్చును. కొత్త ప్రకరణములు చేర్పబడియుండవచ్చును. దిద్దుటవలన తప్పులు తగ్గును. చేర్చుటవలన కొత్తవి ప్రవేశించును. సాఫ్ట్‌వేరు సంగతియు ఇట్టిదే. 11.2.6 వంటి సంఖ్యలో మొదటి అంకె మారినచో పెద్ద చేర్పులనియు, చివరి అంకె మారినచో చిన్న దిద్దుబాట్లనియు సాధారణముగా గ్రహింపవచ్చును.

ఈ సంఖ్యను మేము ఊరక ఎన్నుకొనలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోనులను కలవరపెట్టినది. ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరము ఒక విపరీతరూపమున సందేశములో వచ్చినచో, దానిని తెరపై చూపబోయిన అప్లికేషను ఆగిపోయెడిది. మనము నిత్యము వ్రాయు జ్ఞానము, విజ్ఞానము అను మాటలయందు దోషము లేదు. ఒత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనుపించని ఒక సంకేతము చేరినపుడే ఆ చిక్కు. అప్పటి వెర్షను 11.2.5. దోషమును దిద్దిన 11.2.6 ఫిబ్రవరి 19న వెలువడినది. అప్పుడు కొత్తది వేసికొనుటయే క్షేమము. ఇందు మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ఎందరు వాడినను, ఎవరును నడువని దారిలోని గుంట బయటపడదు. మన లిపితో పరీక్షింపని సాఫ్ట్‌వేరు మనకు స్థిరమైనదని ముందుగా చెప్పజాలము.

పాతదానినే పట్టుకొని కూర్చుండుట క్షేమమా? 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను సహితము కొన్నిటిని పట్టుకొన్నది. అది చొరబడు ద్వారమును మూయు దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14ననే విడుదల చేసియుండెను. వేసికొననివారి యంత్రములే చిక్కినవి. నిన్నటివరకు నిలుకడగా నడచిన యంత్రము రేపటి దాడికి నిలుచునని చెప్పలేము.

అట్లని వచ్చినదానినెల్ల వెంటనే స్వీకరించుటయు యుక్తము కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్ట్‌వేరు సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలిపివేసినది. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. 21 అంశములు కావలసినచోట 20 మాత్రమే అందుట కారణమని పిదప తేలినది. మార్పు స్వల్పమే, కాని కొందరిపై పరీక్షింపక అందరికి ఒక్కమారుగా పంపబడినది.

ఫిర్యాదులను లెక్కించి తీర్పు చెప్పుటయు సులభము కాదు. బాధపడినవాడు మాటలాడును, సుఖముగా వాడుకొనువాడు మౌనముగా నుండును. కొత్తది వెలువడిన వారములో లక్షలమంది ఒక్కసారిగా దానిని తెరతురు గనుక ఫిర్యాదులును ఎక్కువగానే వచ్చును. ఎందరు వాడగా, ఎన్ని దినములలో, ఎట్టి దోషములు బయటపడినవో చూడవలెను. దిద్దిన దోషముల పట్టిక పొడవుగా నున్నంతమాత్రమున కొత్తది చెడ్డది కాదు. ఆ దోషములు పాతదానిలో ఉన్నవే కదా!

డెబియన్ అను ఉచిత సాఫ్ట్‌వేరును తయారుచేయువారు ఈ సంగతిని గుర్తించి ఒక పద్ధతి నేర్పరచుకొనిరి. కొత్త మార్పులు మొదట అస్థిరమను శాఖలో చేరును. పిదప పరీక్షాశాఖకు వచ్చును. విడుదలకు ముందు చేర్పులు నిలిపివేసి, దోషములనే దిద్దుదురు. అప్పుడే దానికి స్థిరమను పేరు. అందుచే వారి స్థిరశాఖలోని సాఫ్ట్‌వేరు సరికొత్తది కాదు. అయినను రక్షణ దిద్దుబాట్లు దానికి అందుచునే యుండును.

కనుక గృహస్థుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది దిద్దుబాటా, చేర్పా? ఇతరులు వాడి ఎన్నాళ్ళయినది? నా దగ్గరనున్న పాతదానికి ఇంకను దిద్దుబాట్లు వచ్చుచున్నవా? రక్షణకు సంబంధించిన దిద్దుబాటును జాగు చేయరాదు. పెద్ద చేర్పులకు కొన్ని వారములు ఆగినను నష్టము లేదు. దిద్దుబాట్లు ఆగిపోయినదానిని మార్చుకొనుటయే మేలు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఏది చేసినను, ముందుగా ఫోటోలను, కాగితములను వేరొకచోట భద్రపరచుకొని, పిదప తెలుగులో ఒక సందేశము వ్రాసి చూచుకొనుట మంచిది. వయస్సునుబట్టి మనుష్యుని నమ్మనట్లే, తేదీనిబట్టి సాఫ్ట్‌వేరును నమ్మరాదు. దాని నడవడినిబట్టియే నమ్మవలెను.