గడప దాటిన బల్ల: హోటళ్ల ముందరి తాత్కాలిక పందిళ్లు, అనుమతులు

ఆడికృత్తికనాడు తిరుత్తణి కొండకు కావడి మోసుకొని వచ్చే భక్తులలో చిత్తూరు సీమవారు ఏటా విశేషంగా కనబడతారు. తిరువళ్లూరులో వీరరాఘవస్వామి కోనేటి చుట్టూ అమావాస్యనాడు అదే సందడి. ఆరు బల్లలు మాత్రమే పట్టే టిఫిను హోటలు ముందు ఆ దినాలలో వరుస వీధి మలుపు దాకా సాగుతుంది. యజమాని వాకిట పందిరి వేయించి, నాలుగు బల్లలు బయటికి జరిపిస్తాడు. చిన్న హోటలువారికి ఆ కొద్ది రోజుల రాబడి ఎంతో కీలకం. కనుక ఆ పందిరి ఎవరి అనుమతితో నిలిచిందన్న ప్రశ్నను పండుగకు ముందే తేల్చుకోవడం మేలు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకుముందు చిత్తూరు జిల్లాలోనిది. ఇక్కడి అంగళ్లలో తెలుగు మాట నేటికీ చెల్లుతుంది. కానీ నగరిలోనో పుత్తూరులోనో పొందిన కాగితాలు చెల్లవు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద చేసే నమోదైనా, పురపాలక సంఘం ఇచ్చే వ్యాపార లైసెన్సైనా, అందులో వ్రాసిన చిరునామాకే పరిమితం. ఆ చిరునామా గడప వద్ద ముగుస్తుంది. వెలుపలి వీధి ప్రజలది.

అయినప్పటికీ పండుగ పందిరి చట్టానికి కొత్త కాదు. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టమే వీధిలో తాత్కాలిక పందిరికి లైసెన్సు ఇచ్చే అధికారాన్ని కార్యనిర్వహణాధికారికి కల్పించింది. గడువు ముగిశాక నోటీసు లేకుండానే దానిని తొలగించవచ్చుననీ చెప్పింది. దాని స్థానంలో 1998 నాటి తమిళనాడు పట్టణ స్థానిక సంస్థల చట్టం 2023 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. దరఖాస్తు పురపాలక కమిషనరుకు చేసుకోవాలి. పందిరి పొడవు, వెడల్పు, వేసే తేదీ, తీసే తేదీ, మనుషులు నడవడానికి విడిచిన దారి చూపే చిన్న పటం జతచేస్తే పరిశీలన సులభమవుతుంది. నోటిమాటగా లభించిన అంగీకారాన్ని తనిఖీకి వచ్చిన వారికి చూపడం సాధ్యం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ రెండు పట్టణాలూ చెన్నై–తిరుపతి జాతీయ రహదారి మార్గంలోనివి. హోటలు ముందరి స్థలం రహదారి భూమి అయితే పురపాలక సంఘపు అనుమతి చాలదు. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం రహదారి అధికారుల అనుమతి కావాలి. కావున ముందుగా ఆ నేల ఎవరి అధీనంలో ఉందో విచారించుకోవాలి.

బండి వేరు, బల్ల వేరు. తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్ముకొనేవారికి 2014 నాటి వీధి విక్రేతల చట్టం రక్షణ ఇస్తుంది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వారిని ఖాళీ చేయించరాదు. ఆ తరువాత తరలించవలసివస్తే ముప్పది రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకొంటే జాబితా ఇవ్వాలి. విక్రేత అడిగినప్పుడు, చెడిపోయే సరుకును అదే రోజున, ఇతర సరుకును రెండు పనిదినాలలో విడుదల చేయాలి. ఈ హక్కు తెలియక పిండి గిన్నె, స్టవ్వు వదులుకొని వెళ్లిపోకూడదు. అయితే ధ్రువపత్రం కోరేవారు తమకు వేరే జీవనాధారం లేదని హామీ వ్రాసి ఇవ్వాలి. సొంత హోటలు నడిపేవారు వాకిటి బల్లలకు ఈ చట్టాన్ని ఆశ్రయించడం కుదరదు.

మద్యం విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. టాస్మాక్ దుకాణానికి అనుబంధమైన బారు అనుమతి నిర్ణీత స్థలానికే వర్తిస్తుంది. పందిరికి పురపాలక సంఘం ఒప్పుకొన్నా, దాని కింద మద్యం వడ్డించడానికి ఆ ఒప్పుకోలు పనికిరాదు. పురపాలక పరిధిలో గుడికి, బడికి 50 మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండరాదు. 21 ఏళ్లు నిండనివారికి అమ్మరాదు. ప్రత్యేక లైసెన్సుతో కల్యాణమండపాలలో మద్యం వడ్డించవచ్చునన్న 2023 నాటి నియమం కూడా విమర్శల నడుమ ఏప్రిల్‌లోనే సవరణకు లోనై, మండపాలను మినహాయించింది.

పందిరి కింద పొయ్యి పెట్టకపోవడమే క్షేమం. ఎండిన తాటాకుకు ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంటి వాడకానికి ఇచ్చే గ్యాసు సిలిండరును హోటలులో వాడరాదు. దీపాలకు విద్యుత్ సంస్థ నుండి తాత్కాలిక కనెక్షను తీసుకోవాలి, స్తంభం నుండి తీగ లాగరాదు. గడువు ముగిసిన రోజున పందిరి విప్పి, విస్తళ్లు, వ్యర్థాలు ఎత్తించి, గుంజలు పాతిన గుంతలను గట్టిగా పూడ్పించాలి. మరునాటి తెల్లవారుజామున, చీకటి విడకముందే, పాలవారు సైకిళ్ల మీద అదే దారిన వస్తారు.