పాత టేకు దర్వాజను పొయ్యిలో పెడుతున్నారా? ఆగండి.. అందమైన కుంకుమ భరిణె అవుతుంది!

గోదావరిఖని, రామగుండం, మంథని వైపు పాత పెంకుటిల్లు కూల్చితే ముందు జాగ్రత్త చేసేది టేకు దర్వాజలనే. ఓపెన్‌కాస్ట్ గనుల కోసం ఊరు ఖాళీ చేసినోళ్లు కూడా దూలాలు, దర్వాజలు ఊడదీసి వెంట తీసుకెళ్తారు. పగిలినవి, పొట్టివి మాత్రం చివరికి పొయ్యిలోకే పోతాయి. నిజానికి మూరెడు ముక్క చాలు.. ఇంటి గుర్తుగా కుంకుమ భరిణె గానీ, చిన్న నగల పెట్టె గానీ చేసుకోవచ్చు. ఎలాగో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

పాత కలపే ఎందుకు?

పచ్చి కలప ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, మెలి తిరుగుతుంది. 40, 50 ఏళ్లు ఇంట్లో ఉన్న టేకు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది కాబట్టి మూత వంకరపోయే భయం తక్కువ. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలిక, మెత్తన. పల్చటి పలకలతో చేసే పెట్టెకు మాత్రం టేకు, జిట్టేగి లాంటి గట్టి కలపే నిలుస్తుంది.

తయారీ ఇలా..

* ముందు అయస్కాంతంతో మేకులు వెతకాలి. ఒక్కటి మిగిలినా చిత్రిక బ్లేడు పాడవుతుంది. మెషీన్ మీదైతే ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు.
* పలకలను 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందానికి తేవాలి. నాలుగు పక్కలూ ఒకే పట్టీ నుంచి వరసగా కోస్తే చెక్క చారలు మూలల్లో కలిసి కనిపిస్తాయి.
* మూలలను 45 డిగ్రీల్లో కోసి జిగురుతో అతికించాలి. అడ్డకోత మీద జిగురు పట్టు తక్కువ. అందుకే మూలలో సన్నటి గాడి కోసి చిన్న చెక్క బిళ్ల దింపుతారు.
* అడుగు పలకకు జిగురు వద్దు. గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. కలప పొడవులో దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. మే ఎండకు ముడుచుకున్న పలక వానాకాలంలో ఉబ్బితే మూలలు పగులుతాయి. మూతకూ కొంచెం సందు వదిలేది ఇందుకే.
* లోపల చిన్న ఇత్తడి గిన్నె పెడితే కుంకుమ చెక్కకు అంటదు.

ఈ చెక్క జోలికి వెళ్లొద్దు

గని పైకప్పుకు ఆసరాగా వాడిన దిమ్మెలు, రైల్వే స్లీపర్లు వద్దు. కుళ్లకుండా, చెదలు పట్టకుండా క్రియోసోట్ లాంటి రసాయనాలు పట్టించి ఉండొచ్చు. పైగా అవి కంపెనీ, రైల్వే ఆస్తి. పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి రంగు వేసిన దర్వాజను పొడిగా గీకొద్దు. టేకు తరలింపుపై అటవీ శాఖ నిబంధనలున్నాయి. సొంతింటి కలపైనా వేరే ఊరికి తీసుకెళ్లే ముందు రేంజ్ ఆఫీసులో అడగడం మంచిది.

దుమ్ముతో జాగ్రత్త

బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ఈ ఏరియా జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. చెక్క పొడిని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. ముక్కు, సైనస్ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే చాలదు.. ఎన్95 మాస్క్ పెట్టుకుని, ఆరుబయట పని చేయాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

గుడ్డ ముక్కే అగ్గి పెడుతుంది!

పెట్టెకు మెరుపు కోసం అవిసె నూనె పూస్తారు. అసలు ప్రమాదం తుడిచిన గుడ్డతోనే. యార్డులో కుప్ప పోసిన బొగ్గు దానంతటదే రాజుకోవడం సింగరేణి కార్మికులకు తెలిసిందే. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోలోపల వేడెక్కడమే కారణం. నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేసినా అదే జరుగుతుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. అందుకే గుడ్డను నీళ్లలో ముంచి, పూర్తిగా పరిచి బయట ఆరబెట్టాలి.

ఈ జాగ్రత్తలు పాటిస్తే చాలు.. తాత కట్టిన ఇల్లు పోయినా, ఆ ఇంటి దర్వాజ దేవుడి అర్రలో భరిణెగా మిగులుతుంది.