చుట్ట, రమ్ము, కాఫీ: రుచుల మైత్రి

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును తరగతిలో పాఠముగా చెప్పునపుడు ఉపాధ్యాయునికి ఒక చిక్కు ఎదురగును. గిరీశము తన శిష్యుడైన వెంకటేశమునకు చెప్పిన చదువు ఏపాటిదో మన మెరుగుదుము. ఆ గురువుగారి వలన తనకు చక్కగా అబ్బినది చుట్ట కాల్చుట ఒక్కటే యని శిష్యుడు వాపోవును. గిరీశము తడుముకొనక, పొగాకును అమృతముతో ముడిపెట్టు పద్య మొకటి చదివి వాని నోరు మూయించును. తరగతి గొల్లుమని నవ్వును. నవ్వవలసిన ఘట్టమే. ఆ నవ్వు తగ్గిన పిదప ఏమి చెప్పవలెనన్నదే చిక్కు.

నిరుడు సికింద్రాబాదులో మా కళాశాలయందు ఈ పాఠము జరుగుచుండగా వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, చుట్ట అంటే సిగారేనా?" అని అడిగినాడు. అవుననియు, కాదనియు చెప్పవలసి వచ్చినది. ఇంతలో ముందు వరుసలోని ఒక అమ్మాయి, "సినిమాల్లో సిగారు పక్కన ఎప్పుడూ రమ్ము గ్లాసో కాఫీ కప్పో కనిపిస్తుంది. ఆ మూడింటికీ ఏం సంబంధం సార్?" అన్నది. గంట మ్రోగినది. సమాధానమును మరునాటికి వాయిదా వేసినాను. నిజమునకు, ఆ ప్రశ్నకు సమాధానము నాకు మా పెదనాన్నగారి ఇంటిలోనే చిన్ననాడు దొరికినది. చెప్పుటకు ధైర్యము చాలక గంటను అడ్డము పెట్టుకొన్నాను.

మొదట మాటను గూర్చి చెప్పుకొందము. ఆంగ్లేయులు చెరూటు అను పదము అరవవారి శురుట్టు నుండి పుట్టినది. చుట్టబడినది గనుక శురుట్టు. మనకును చుట్టబడినది గనుకనే చుట్ట. సిగారు అనునది పడమటినుండి వచ్చిన పేరు. వస్తువు దాదాపు ఒక్కటే; పనితనములో భేదము కలదు. హవానా సిగారులో లోపలి ఆకు, దానిని బంధించు కట్టు ఆకు, అందముగా కప్పు పై ఆకు అని మూడు వరుసలుండును. ఒక కొన మూసియుండును. మన చుట్టకు ఇంత అలంకారము లేదు. రెండు కొనలును తెరచియే యుండును. దానికి పేరుపొందిన ఆకు గోదావరి లంకలది. ఏటేటి వరదలు తెచ్చి పరచిన ఒండ్రులో పెరిగిన ఆ ఆకు ఘాటు ప్రసిద్ధము.

ఇక సంబంధము మాట. ఒకే నేలలో పుట్టినవారు కలిసి మెలిసి యుండుట లోకసహజము. క్యూబా ద్వీపమునందు పొగాకు, చెరకు, కాఫీ మూడును పండును. చెరకునుండి చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి బట్టీ పట్టినచో రమ్ము వచ్చును. 1791లో పొరుగుననున్న ఫ్రెంచి వలస ద్వీపములో బానిసలు తిరుగుబాటు చేయగా, అక్కడి తోటల యజమానులు పలువురు క్యూబాకు పారివచ్చి కొండవాలులలో కాఫీ తోటలు విస్తరింపజేసినారు. తోటలలో చెమటోడ్చినవారు మరల బానిసలే. క్యూబాలో బానిసత్వము రద్దయినది 1886లో. ఒకే బల్లపై అందముగా అమరిన ఆ మూడు వస్తువుల వెనుక ఒకే శ్రమచరిత్ర కలదు.

ఆ చరిత్రలో మన ఉపాధ్యాయులకు ప్రీతి కలిగించు ఒక పుట కూడ కలదు. 1865లో హవానా చుట్టల కర్మాగారములందు ఒక ఆచారము మొదలయినది. కార్మికులు ఆకు చుట్టుచుండగా ఒకడు ఎత్తైన పీఠముపై కూర్చుండి వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా చదివి వినిపించువాడు. వానికి జీతమిచ్చినది యజమాని కాదు. కార్మికులే తమ కూలిలోనుండి ఇచ్చుకొన్నారు. అలెగ్జాండర్ డ్యూమా నవల కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో వారికెంత ప్రియమైనదో, 1935లో వెలువడిన ఒక సిగారుకు మాంటెక్రిస్టో యను పేరే స్థిరపడినది. చేతులు పొగాకునకు, చెవులు సాహిత్యమునకు అప్పగించిన ఆ శ్రామికులను తలచుకొన్నపుడు గౌరవము కలుగును.

ఆ ద్వీపమునకును మా ఊరికిని ఒక చిన్న లంకె కలదు. 1895 నవంబరులో స్పెయిన్ సేనలకును క్యూబా తిరుగుబాటుదారులకును జరుగుచున్న యుద్ధమును చూచుటకై ఒక ఆంగ్ల యువసైనికుడు అక్కడికి వెళ్లినాడు. హవానా సిగారుపై మక్కువ ఆయనకు అక్కడనే కుదిరినదని చెప్పుదురు. సరిగా ఏడాది తరువాత, 1896 నవంబరులో, బెంగుళూరునందలి తన అశ్వికదళపు పోలో జట్టుతో ఆయన హైదరాబాదు వచ్చి గోల్కొండ కప్పు గెలిచినాడు. ఆ రోజులలో తల్లికి ఉత్తరము వ్రాసినది మా తిరుమలగిరి నుండియే. ఆయనయే విన్‌స్టన్ చర్చిల్. 1806లో సికందర్ జా పేరిట వెలసిన ఈ దండు పట్టణములో చుట్టకును రమ్మునకును చెలిమి కొత్తది కాదు.

మా పెదనాన్నగారు గోదావరి లంక గ్రామమునుండి సైన్యములో చేరి, హవల్దారుగా పదవీ విరమణ చేసి, తిరుమలగిరిలో స్థిరపడినవారు. ఏటా వేసవిలో ఊరినుండి పొగాకు కట్ట వచ్చెడిది. ఉదయము ఇత్తడి గ్లాసులో చిక్కని కాఫీ, దానితో ఒక చుట్ట. సాయంకాలము మాజీ సైనికుల క్యాంటీనులో కొన్న రమ్ము రెండు గుక్కలు, దానితో మరియొక చుట్ట. అటుపై పద్యము. పాండవోద్యోగ విజయముల పద్యములు ఆయన ఎత్తుకొన్నచో ప్రక్క వీధివారు కిటికీలు తెరచెడివారు. నాకు యతి ప్రాసలు బడిలో కాదు, ఆ వరండాలో తెలిసినవి.

ఒకనాడు నేను ఆశగా చుట్టవైపు చేయి చాపితిని. నాకప్పుడు పదునాలుగేండ్లు. ఆయన నా చేయి తప్పించి, "పద్యం ఎన్నయినా నేర్పుతానురా. ఇది మాత్రం నేర్పను" అన్నారు. గిరీశమునకు సరిగా ఎదురు గురువు! అయితే తాను మాత్రము మానలేదు. "కాఫీతో చుట్ట ద్రాక్షాపాకంరా, రమ్ముతో నారికేళపాకం" అని నవ్వెడివారు.

ఆ మాట వట్టి చమత్కారము కాదు. కాకతీయుల ఓరుగల్లులో ప్రతాపరుద్రీయము రచించిన విద్యానాథుడు కావ్యపాకములను చెప్పినపుడు, నోట వేయగానే రసము జాలువారునది ద్రాక్షాపాకమనియు, పెంకు పగులగొట్టినగాని లోని రసము అందనిది నారికేళపాకమనియు భేదము చూపినాడు. ఈ మూడు వస్తువులును పాకముచేతనే రుచి పొందినవి. పచ్చి పొగాకునకు ఆ పరిమళము లేదు. ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి మాగవేయగా లోపల వేడి పుట్టి, ఘాటైన వాయువులు పోయి, మట్టివాసన, తోలువాసన, కోకో వాసన వచ్చును. కాఫీగింజ పచ్చిగా నున్నపుడు గడ్డివాసన. రెండువందల డిగ్రీల వేడిలో వేగినపుడే అది కాఫీ. బట్టీనుండి దిగిన రమ్ము నీటివలె తెల్లగా నుండును. లోపల కాల్చిన ఓకు పీపాలలో ఏండ్లతరబడి నిలువగా రంగును, వెనిల్లా వంటి తీపివాసనయు అబ్బును. అగ్నియు, కాలమును మూడింటికిని గురువులు. ఒకే గురుకులమునందు చదివినవారి మాటతీరు కలియుట వింతకాదు.

రసజ్ఞులు దీనికి కొన్ని మర్యాదలు కూడ ఏర్పరచుకొన్నారు. మెత్తని ఆకునకు పాలుపోసిన కాఫీ. ఘాటైన ఆకునకు నల్లకాఫీ లేదా చాలకాలము పీపాలోనున్న ముదురు రమ్ము. ఒకటి రెండవదానిని మ్రింగివేయరాదు. చేదునకు తీపివాసన తోడై, ఘాటునకు నునుపు తోడై, రెండును నిలువవలెను. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యమే ఇది. మన పప్పునకు ఆవకాయ తోడైన న్యాయమే ఇది. ఈ పాటి కళను కాదనుట అరసికత్వము. క్యూబావరకు పోనక్కరలేదు: లంకలలో పొగాకు, డెల్టాలో చెరకు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ కాఫీ, మూడును మన తెలుగునేలపైననే పండుచున్నవి.

కాని మైత్రికి ఇంకొక పరీక్ష కలదు. స్నేహితుని గుణము వెల్లడించువాడు మిత్రుడు. స్నేహితుని దోషమును కప్పి మనచేత మ్రింగించువాడు మిత్రుడు కాడు. రమ్ము చేయునది రెండవ పని. సిగారు పొగ సిగరెట్టు పొగవలె గుండెలోనికి పీల్చనక్కరలేదు; దాని క్షారగుణము వలన నికొటిన్ నోటి పొరనుండియే నెత్తురులో కలియును. పీల్చలేదు గనుక అపాయము లేదనుకొనుట భ్రమ. అపాయము నోటిలోనే పొంచియుండును. అందుపై మద్యము చేరినచో అది ఆ పొరను వదులుచేసి పొగలోని విషములకు దారి తెరచును. నోటి, గొంతు క్యాన్సరుల విషయములో పొగాకును మద్యమును కలిసినచో అపాయము కూడిక కాదు, గుణకారమని వైద్యశాస్త్రము తేల్చినది. కాఫీ ఇంత దుర్మార్గురాలు కాదు. అయినను ఒక మాయ కలదు: పొగత్రాగువాని కాలేయము కెఫీనును ఇతరులకంటె దాదాపు రెట్టింపు వేగముతో వెడలగొట్టును. కాబట్టి వానికి ఒక గ్లాసు చాలదు. రెండవ గ్లాసు రెండవ చుట్టను పిలుచును.

1998లో పెదనాన్నగారి అంగిలిపై ఒక తెల్లమచ్చ కనిపించినది. కాఫీ వేడికి పొక్కినదన్నారు. ఆరునెలలు ఆ మాటయే అన్నారు. పిమ్మట శస్త్రచికిత్సలో అంగిలిలో కొంత భాగము తీసివేయవలసి వచ్చినది. ప్రాణము నిలిచినది, పలుకు నిలువలేదు. తవర్గము, టవర్గము అన్నియు ముక్కులోనికి జారిపోయెడివి. ఒక సాయంకాలము నేను వెళ్లగా, పలకపై వ్రాసి చూపినారు: "పద్యం నువ్వు చదువు." చదివినాను. తప్పుపోయిన చోట వ్రేలితో పలకపై కొట్టి దిద్దినారు. ఆ తరువాత మూడేండ్లు అట్లే జరిగినది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ అందురు. త్రాగువారిలో ఎక్కువమంది స్త్రీలే. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో ప్రకటించిన పరిశోధన, అంగిలి వ్యాధులకును ఈ అలవాటునకును గల బంధమును లోకమునకు చాటినది. వైద్యవిద్యార్థులు చదువుకొను ఆ పరిశోధనలో మన అవ్వల అంగిళ్లు దాగియున్నవి.

2003 నాటి చట్టము పదునెనిమిదేండ్లలోపువారికి పొగాకు అమ్మరాదన్నది. విద్యాలయమునకు నూరు గజములలోపల అమ్మకమే కూడదన్నది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుటపై నిషేధము కట్టుదిట్టమైనది. చట్టము చేయగలిగినది చట్టము చేయును. తరగతి గదిలో గిరీశము పద్యము చదివించు పని మాత్రము మనదే.

మరునాడు తరగతిలో ఇదంతయు చెప్పినాను. క్యూబాను, చర్చిలును, పాకములను విన్నంతసేపు పిల్లలు ఉత్సాహముగా విన్నారు. పలక మాట వచ్చినపుడు నిశ్శబ్దమయినది. ఆ వెనుక బల్ల విద్యార్థి, "అయితే ఆ పద్యానికి నవ్వకూడదా సార్?" అని అడిగినాడు. నవ్వవలెనని చెప్పినాను. గురజాడవారు ఆ పద్యమును గిరీశమునోట పెట్టినది మనము నమ్ముటకు కాదు. తీయని మాటతో చేదును మ్రింగించు గురువును మనము గుర్తుపట్టుటకు. నవ్వు ఆ గుర్తింపునకు మొదటి మెట్టు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పాఠములోని చుట్టను దాటవేయవద్దు; దాని రుచి లేదని అబద్ధము చెప్పవద్దు. రుచి కలదని ఒప్పుకొని, దాని వెల ఎంతో కూడ చెప్పవలెను. వెంకటేశము తన గురువు నుండి నేర్చినది ఒక్కటే. నేను మా పెదనాన్నగారి నుండి నేర్చినదియు ఒక్కటే. అది పద్యమైనది.